జేడ్ గిన్నె చేయాలంటే: ఉలి పక్కన పెట్టి బకెట్ నీళ్ళు తెచ్చుకోండి

జేడ్, అంటే నగలకీ గిన్నెలకీ వాడే, ఎక్కువగా ఆకుపచ్చగానో తెల్లగానో ఉండే రాయి, దాని మీద ఉలి పెట్టి సుత్తితో కొడితే ఏమవుతుందో నేను చేసి చూశాను కాబట్టి మీరు చూడక్కర్లేదు. ఉలి మొన మొద్దుబారింది, రాయి మీద చిన్న తెల్ల మచ్చ పడింది, నా బొటనవేలు వాచింది. అంతే. మాది పర్లాకిమిడి. డిగ్రీ చదువుకుంటూ సాయంత్రాలూ ఆదివారాలూ కూర్చుని మూడంగుళాల జేడ్ గిన్నె ఒకటి చేశాను, దానికి ముందు ఒకటి పాడుచేశాను, రెండూ కలిపి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో తెలిసిందంతా ఇక్కడ పెడుతున్నా. గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం పట్టుబట్టిన ఊరు మాది, కాబట్టి గ్రాంథికం ఆశించకండి, ఇంగ్లిష్ పేరు ఏదైనా నోట్లో ఆడుతుంటే దాన్నే రాస్తా.

మొదట ఇది తెలుసుకోండి: జేడ్‌ని చెక్కరు, అరగదీస్తారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో షాజహాన్ తాగిన తెల్ల జేడ్ కప్పు ఉంది, 1657 నాటిది, సొరకాయ ఆకారంలో మొదలై చివర మేక తలగా తిరుగుతుంది. అంత సున్నితమైన పని కూడా ఉలి దెబ్బతో వచ్చింది కాదు, రాపిడితో వచ్చిందే. లండన్ దాకా వెళ్ళలేకపోతే పలాసలో రైలెక్కి హైదరాబాద్ పోయి సాలార్‌జంగ్ మ్యూజియంలో జేడ్ గది చూడండి. జహంగీర్ బాకు, నూర్జహాన్ పళ్ళు కోసే కత్తి అక్కడున్నాయి. నాకు ఈ పిచ్చి పట్టింది అక్కడే.

ఎందుకు చెక్కలేమంటే, జేడ్ పేరుతో చలామణీ అయ్యేవి నిజానికి రెండు రాళ్ళు, నెఫ్రైట్, జేడైట్. మన చేతికి వచ్చేది ఎక్కువగా నెఫ్రైట్. దాని కాఠిన్యం మోహ్స్ లెక్కలో (గీతకి రాయి ఎంత తట్టుకుంటుందో 1 నుంచి 10 దాకా చెప్పే లెక్క) 6 నుంచి 6.5, అంటే మామూలు క్వార్ట్జ్ (పలుగురాయి) కంటే తక్కువే. కానీ లోపల కంటికి కనిపించనంత సన్నని పీచులు కొబ్బరి పీచు ఉండలా ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి, కాబట్టి దెబ్బ కొడితే పగులు ముందుకు పాకదు, ఆ పీచుల్లోనే చిక్కుకుపోతుంది. గీతకు లొంగుతుంది, దెబ్బకు లొంగదు. మన రోలు గుర్తు చేసుకోండి, పొత్రం తిరిగి తిరిగి రోలు గుంత నున్నగా ఎలా అరుగుతుందో, మనం చేయబోయేది కూడా అదే పని, కాకపోతే ఇష్టపడి, కొలిచి చేస్తాం.

రాయి కొనడం, మోసపోకుండా ఉండడం

ఇక్కడే సగం మంది మునుగుతారు. మనకి పచ్చ అంటే మరకతం, కొట్లో ఆకుపచ్చగా ఉన్న ప్రతిదీ జేడే. ‘ఇండియన్ జేడ్’ అని అమ్మేది చాలాసార్లు అవెంచురీన్, అది క్వార్ట్జ్. ‘న్యూ జేడ్’ అంటే సర్పెంటైన్, అది ఇంకో మెత్తటి రాయి. ఈ రెండూ చెడ్డ రాళ్ళని కాదు, జేడ్ కావు, అంతే. నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన మొదటి ముక్క రంగేసిన క్వార్ట్జ్, అసిటోన్‌లో (గోళ్ళ రంగు తుడిచే ద్రవం) ముంచిన దూది రుద్దితే దూది పచ్చబడింది. అమ్మినవాడు ఫోన్ ఎత్తలేదు.

ఇంట్లో చేయగల పరీక్ష ఒకటుంది, దీన్ని మాత్రం వదలకండి. వంటింటి డిజిటల్ త్రాసు మీద నీళ్ళ గిన్నె పెట్టి సున్నా చేయండి. రాయిని దారంతో కట్టి, గిన్నె అడుక్కీ పక్కలకీ తగలకుండా పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. త్రాసు ఎంత చూపిస్తే అన్ని ఘన సెంటీమీటర్లు ఆ రాయి పరిమాణం. రాయి అసలు బరువుని దాంతో భాగించండి. నా రెండో రాయి 640 గ్రాములు, నీళ్ళలో త్రాసు 216 చూపించింది, భాగిస్తే 2.96. నెఫ్రైట్ సుమారు 2.9 నుంచి 3.1 మధ్య ఉంటుంది, జేడైట్ 3.3 చుట్టూ, క్వార్ట్జ్ 2.65, సర్పెంటైన్ సాధారణంగా 2.6 దరిదాపుల్లో. ఆ తర్వాత కనిపించని మూల స్టీల్ కత్తి మొనతో గీయండి. సర్పెంటైన్ మీద సాధారణంగా గీత పడుతుంది, నెఫ్రైట్ మీద కత్తి లోహమే మెరుపు గీతలా అంటుకుని వేలితో తుడిస్తే పోతుంది.

పగుళ్ళు చూడాలంటే రాయిని తడిపి, చీకట్లో ఫోన్ టార్చ్ రాయికి ఆనించి పట్టండి. వెలుగు ఒకచోట ఠక్కున ఆగిపోయి అవతల నల్లగా ఉంటే అక్కడ చీలిక ఉన్నట్టు. తడి రాయి ఆరుతున్నప్పుడు ఒక సన్న గీత మాత్రం చివరిదాకా తడిగా ఉండిపోయినా అంతే. అలాంటి రాయితో గిన్నె వద్దు, లాకెట్లు చేసుకోండి.

80 × 80 × 40 మిల్లీమీటర్ల దిమ్మె సరిపోతుంది. దాని బరువు దాదాపు 755 గ్రాములు, పూర్తయ్యాక గిన్నె 110 గ్రాముల చుట్టూ వస్తుంది. అంటే మీరు డబ్బిచ్చి కొన్న రాయిలో ఏడో వంతు మిగులుతుంది, మిగతాదంతా ముక్కలూ బురదా. ఈ లెక్క మీ నాన్నగారికి ముందే చెప్పకండి.

ముందు బలపపు రాయి

జేడ్ ముట్టుకునే ముందు బలపపు రాయితో ఒక గిన్నె చేయండి. పులుసు కాచే రాచ్చిప్పలు దీంతోనే చేస్తారు, మా అమ్మమ్మ రాచ్చిప్పని ముందు పెట్టుకునే నేను గిన్నె వంపు నేర్చుకున్నా. అది గోటితో గీసుకునేంత మెత్తన, పాత ఆకురాయితో రెండు ఆదివారాల్లో గిన్నె అయిపోతుంది, మీ చేతికి మందం అంటే ఏమిటో తెలుస్తుంది. దాని మీద కూడా నీళ్ళు పోసుకుంటూనే పని చేయండి.

దుమ్ము, నీళ్ళు, కరెంటు

నెఫ్రైట్ ట్రెమొలైట్-ఆక్టినొలైట్ జాతి ఖనిజం, ఆస్బెస్టాస్‌లో కొన్ని రకాలు కూడా ఈ జాతివే. పొడిగా అరగదీస్తే ఆ పీచుల దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాబట్టి ఒక్క నిమిషం కూడా పొడిగా అరగదీయొద్దు, ఎన్95 మాస్క్ తీయొద్దు, కళ్ళద్దాలు పెట్టుకోండి. నీళ్ళు రాయిని చల్లగా కూడా ఉంచుతాయి, అదే నీళ్ళు డైమండ్ పనిముట్ల ప్రాణం కాపాడతాయి. నేను మెడికల్ షాపులో కొత్త సెలైన్ సెట్టు కొని, రెండు లీటర్ల సీసా మేకుకి తగిలించి, చుక్క చుక్క పనిముట్టు మొన మీద పడేలా పెట్టుకున్నా. దీనికంటే గొప్ప ఏర్పాటు నాకు తెలీదు.

బురదని సింకులో పోయకండి, పైపు సిమెంటులా పూడుకుపోతుంది. బకెట్‌లో రాత్రంతా తేరనిచ్చి, పై నీళ్ళు వంపేసి, అడుగున ముద్దని తడిగా ఉండగానే కవర్లో మూటగట్టి చెత్తలో వేయండి. పని చేసిన బట్టలు విడిగా ఉతకండి.

కరెంటు విషయం. మెయిన్స్ డ్రిల్‌కి నీళ్ళు పడవు. బ్యాటరీ డ్రిల్ వాడండి, లేదా కంసాలి దుకాణంలో మేకుకి వేలాడే మోటారు, దానికి పొడవాటి ఫ్లెక్సిబుల్ షాఫ్ట్ ఉంటుంది చూడండి, అది. మోటారు పైన, నీళ్ళు కింద. ప్లగ్‌కి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉందో లేదో చూసుకోండి.

పనిముట్లు

డైమండ్ కోర్ బిట్ (గొట్టంలా బోలుగా ఉండే డ్రిల్ మొన) 10 మిల్లీమీటర్లది రెండు మూడు, డ్రిల్‌కి బిగించి అరగదీసే గుండ్రని తలల డైమండ్ బర్‌లు 5 నుంచి 20 మిల్లీమీటర్ల దాకా, కాలిపర్ (మందం కొలిచే పనిముట్టు), పాత ఎక్స్‌రే ఫిల్మ్ ఒకటి, నంబర్లవారీగా (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) కార్బొరండం అనే రాపిడి పొడి, 220 నుంచి 3000 దాకా వాటర్ పేపర్ (కారు పెయింట్ చేసేవాళ్ళ దగ్గర దొరుకుతుంది), తోలు ముక్క, గ్రీన్ క్రోమ్ ఆక్సైడ్ (ఆఖరి మెరుపుకి వాడే పచ్చ పొడి). బర్‌లలో చవకవి పైపూత రకం, జేడ్ మీద వాటి డైమండ్ త్వరగా రాలిపోతుంది, ఆకారం తెచ్చేదాకా అవే చాలు. డబ్బుంటే సింటర్డ్ రకం (డైమండ్ పైపూతగా కాక లోపలంతా కలిసి ఉండేది) ఒక్కటైనా 15 మిల్లీమీటర్లది కొనండి, లోపలి గుంతకి అదే ఆధారం.

మెషిన్లే వద్దు, పాత పద్ధతిలోనే చేస్తానంటే అది కూడా కుదురుతుంది. ఫ్రిజ్ రిపేర్ వాళ్ళ దగ్గర రాగి గొట్టం ముక్క తీసుకుని బర్మాకి బిగించి, కింద కార్బొరండం పొడీ నీళ్ళూ పోసి తిప్పితే రంధ్రం పడుతుంది. చైనా పనివాళ్ళు ఇలాగే గొట్టంతో తొలిచేవాళ్ళు, కార్బొరండం లేని కాలంలో క్వార్ట్జ్ ఇసుక, గార్నెట్ ఇసుక వాడేవాళ్ళు. గార్నెట్ అనగానే మన వైపు వాళ్ళకి గంజాం జిల్లా ఛత్రపురం తీరం ఇసుక గుర్తుకొస్తుంది. అక్కడ ఐఆర్ఈఎల్ అనే ప్రభుత్వ కంపెనీ వాళ్ళు ఇల్మనైట్, జిర్కాన్‌తో పాటు గార్నెట్ కూడా తీస్తారు. అలాగని బీచ్‌కి పోయి ఎర్ర ఇసుక సంచిలో నింపుకోకండి. అందులో థోరియం ఉండే మోనజైట్ కూడా కలిసి ఉంటుంది, పైగా తీర ఇసుక ఖనిజాలు తవ్వడం చట్టం అదుపులో ఉన్న పని. రాపిడి సామాన్లు అమ్మే కొట్లో శుద్ధి చేసిన గార్నెట్ దొరుకుతుంది. అయినా గార్నెట్ జేడ్ కంటే గట్టిదే కానీ కొంచెమే, పని నత్త నడక. కార్బొరండం కాఠిన్యం 9 పైన, విద్యార్థి జేబుకి సరిపోయేది అదే.

దిమ్మె కోయించడం

ఇది మాత్రం ఇంట్లో చేయకండి. మాకు టెక్కలి దగ్గరే, అక్కడ గ్రానైట్ యూనిట్లలో నీళ్ళ కింద తిరిగే డైమండ్ బ్లేడ్లుంటాయి. గ్రానైట్ కోసినంత వేగంతో తోస్తే జేడ్ తెగదని ముందే చెప్పండి. నేను చెప్పకుండా ఇచ్చాను. కాసేపటికి మేస్త్రీ మెషిన్ ఆపి, ‘ఏటమ్మా ఇది, బ్లేడుని తినేస్తంది గానీ తెగడం లేదు’ అన్నాడు. మెల్లగా తోస్తే తెగింది. పైనా కిందా రెండు ముఖాలూ సమానంగా కోయించుకోండి, నాలుగు మూలలూ కూడా నరికించి ఎనిమిది పలకలు చేయించుకుంటే మీకు రోజుల కొద్దీ పని తగ్గుతుంది. వస్తూ వస్తూ వాళ్ళు పారేసే అరిగిన పాలిషింగ్ ప్యాడ్లు అడిగి తెచ్చుకోండి.

గీత గీయడం, లోపల తొలవడం

నేను లోపలి భాగం ముందు చేయమంటాను. దిమ్మె బయట పలకలుగా ఉన్నంతసేపే బల్ల మీద కదలకుండా బిగించగలం, బయట గుండ్రం చేశాక అది సబ్బు ముక్కలా జారుతుంది.

కాగితం మీద గిన్నె నిలువు కోత గీయండి, అసలు సైజులో. నాది: బయట వ్యాసం 75, లోపలి వ్యాసం 66, గిన్నె ఎత్తు 35, దాని కింద పీట (గిన్నె నిలబడే అడుగు) అంచు 4, లోపలి లోతు 30 మిల్లీమీటర్లు. మొదటిసారి గోడ మందం 4.5 కంటే తగ్గించకండి, పాలిష్ చేసేటప్పుడు ఎలాగూ ఇంకొంచెం పోతుంది. లోపలి వంపు, బయటి వంపు రెండూ ఎక్స్‌రే ఫిల్మ్ మీద గీసి కత్తిరించుకోండి, చివరిదాకా ఇవే మీ అచ్చులు. రాయి మీద గీతలు మామూలు పెన్‌తో గీస్తే నీళ్ళకి పోతాయి, అల్యూమినియం తీగతో గీయండి, ఉంటాయి.

ఇప్పుడు అసలు గండం. దిమ్మెని ప్లాస్టిక్ ట్రేలో బిగించి, పై ముఖం మునిగేలా నీళ్ళు పోసి, కోర్ బిట్‌తో పక్కపక్కనే రంధ్రాలు వేసుకుంటూ పోతాం. డ్రిల్ నెమ్మదిగా, నిమిషానికి వెయ్యి తిరుగుళ్ళ లోపే. మూడు నాలుగు సెకన్లకోసారి పైకెత్తండి, నీళ్ళు లోపలికి పోయి బురద బయటికి రావాలి. బిట్ మొదట జారిపోతుంది, కొంచెం వాల్చి పట్టుకుని అర్ధచంద్రంలా గాడి పడ్డాక నిటారు చేయండి.

నా మొదటి గిన్నె ఇక్కడే పోయింది, అయితే పోయిందని నాకు తెలిసింది నెలన్నర తర్వాత. అన్ని రంధ్రాలూ ఒకే లోతు, 25 మిల్లీమీటర్లు వేసేశాను, బిట్ మీద టేపు చుట్టి, ఎంతో జాగ్రత్తగా, గర్వంగా. లోపల తొలిచాను, నున్నగా చేశాను. బయట గుండ్రం చేయడం మొదలుపెట్టిన వారానికి గోడలో ఒక చిన్న కిటికీ తెరుచుకుంది. తర్వాత దాని పక్కన ఇంకోటి. లెక్క చూసుకోండి: అంచు దగ్గర, మధ్య నుంచి 32 మిల్లీమీటర్ల దూరంలో, బయటి వంపు పైనుంచి 17 మిల్లీమీటర్ల లోతులోనే ఉంది. నేను 25 దాకా దిగిపోయాను. గోడ లేని చోట గోడ ఉందనుకుని వారాలు పాలిష్ చేశాను. ఆ గిన్నెకి ఇప్పుడు చుట్టూ కన్నాలు, మా తమ్ముడు దాన్ని అగరుబత్తుల స్టాండ్ చేసుకున్నాడు.

కాబట్టి రంధ్రాల లోతు వరుసని బట్టి మార్చాలి. పై కొలతలకైతే నడిమి రంధ్రాలు 25, మధ్య నుంచి 15 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న వరుస 18, అంచు వరుస 5 మాత్రమే. టేపు నీళ్ళకి జారుతుంది, బదులుగా బిట్‌కి ప్లాస్టిక్ గొట్టం ముక్క తొడగండి, లోతుకి అడ్డు.

రంధ్రాల మధ్యలో నిలబడ్డ కంబాల్ని స్క్రూడ్రైవర్ పెట్టి పక్కకి వంచితే కొన్ని విరుగుతాయి. క్వార్ట్జ్ అయితే టక్కున విరిగేది, నెఫ్రైట్ మొండిది, కొన్ని ఎంతకీ విరగవు, వాటిని బర్‌తో అరగదీయడమే. బలవంతంగా వంచకండి, అడుగు చీలొచ్చు. తర్వాత పెద్ద గుండు బర్‌తో గుంతంతా కలపండి, ఒకచోట ఆగకుండా, కలం పట్టినట్టు కాకుండా చెంచా పట్టినట్టు పట్టుకుని. ప్రతి పది నిమిషాలకీ ఫిల్మ్ అచ్చు పెట్టి చూడండి. అచ్చుకీ రాయికీ మధ్య వెలుగు ఎక్కడ రావడం లేదో అక్కడ రాయి ఎక్కువుంది.

బర్‌తో వంపు దగ్గరికి వచ్చాక నేను చిన్న పొత్రం చేశాను, నిజంగానే. గిన్నె లోపలి వంపుకి సరిపోయేలా చెక్క ముక్కని గుండ్రంగా చెక్కి, దాన్ని కార్బొరండం 120 నంబరు పొడి, నీళ్ళు కలిపిన ముద్దలో అద్ది, గిన్నెలో పెట్టి రుబ్బాను. చెక్క మెత్తన కాబట్టి పొడి గింజలు దానిలో కూరుకుని రాయిని గీస్తాయి. బర్ వదిలేసిన ఎగుడుదిగుళ్ళు దీనికే పోతాయి, వాటర్ పేపర్ ఎంత రుద్దినా ఆ గుంతల్లోకే దిగి వాటిని అలాగే ఉంచుతుంది. ఒకే దిక్కుగా తిప్పకండి, అప్పుడప్పుడు గిన్నెని పావు వంతు తిప్పండి. రోజుకి గంట చొప్పున నాకు మూడు వారాలు పట్టింది. పాఠాలు ఫోన్‌లో పెట్టుకుని వింటూ రుబ్బాను, రెండు పేపర్ల సిలబస్ అలా అయిపోయింది.

బయటి వంపు, పీట

ఇది లోపలి పని కంటే తేలిక. ముందు అడుగున పీట వ్యాసం గీసుకోండి, 34 మిల్లీమీటర్లు చాలు. పలకల అంచులు నరికి పదహారు పలకలు, మళ్ళీ ముప్పైరెండు, ఆపైన గుండ్రం. గిన్నెలో తడి గుడ్డ కూరి, ఇసుక సంచి మీద బోర్లించి పని చేయండి. కాలిపర్‌తో మందం కొలిచి ఆ అంకెని రాయి మీదే అల్యూమినియం తీగతో రాసేయండి, పది చోట్ల, అప్పుడు ఎక్కడ ఆపాలో చేతికి తెలుస్తుంది.

మా ఊళ్ళో కొమ్ముతో కొంగలూ రొయ్యలూ చేసే పనివాళ్ళున్నారు. అలాంటి ఒక పెద్దాయన నా గిన్నె చేతిలోకి తీసుకుని కాలిపర్ వైపు కూడా చూడకుండా కిటికీ వెలుగుకి పెట్టాడు, ‘ఇటు మందం’ అన్నాడు. నిజమే, అటుపక్క అర మిల్లీమీటరు ఎక్కువుంది. అప్పట్నుంచి నేను కూడా గిన్నెలో ఫోన్ టార్చ్ పెట్టి చీకట్లో చూస్తున్నా, ముదురు మచ్చ కనిపించిన చోట రాయి ఎక్కువున్నట్టే (రాయిలో సహజంగా నల్ల మచ్చలుంటే మాత్రం ఇది మోసం చేస్తుంది, కాలిపర్‌నే నమ్మండి).

నునుపు, మెరుపు

220, 400, 600, 1000, 1500, 3000, ఈ వరుసలో ఒక్కటి కూడా దాటవేయొద్దు. నంబరు మారిన ప్రతిసారీ గిన్నె, చేతులు, గోళ్ళ సందులు, ట్రే, అన్నీ కడగండి. 220 గింజ ఒక్కటి 1500 దగ్గర దొర్లితే పడే గీతకి మళ్ళీ 400 దాకా వెనక్కి వెళ్ళాలి, నేను రెండుసార్లు వెళ్ళాను. తడిగా ఉన్నప్పుడు రాయి అద్దంలా కనిపించి మభ్యపెడుతుంది. పూర్తిగా ఆరబెట్టి, పక్క నుంచి దీపం వెలుగులో చూడండి, గీతలు అప్పుడు బయటపడతాయి. ప్రతి నంబరునీ ముందుదానికి అడ్డంగా రుద్దితే పాత గీత మిగిలిందో లేదో ఇట్టే తెలుస్తుంది. మొత్తం పనిలో ఎక్కువ ఓపిక 220, 400 దగ్గరే పెట్టండి, అక్కడ గీతలు పూర్తిగా పోతే ఆ పై నంబర్లు ఒక్కో సాయంత్రంలో అయిపోతాయి.

నెఫ్రైట్‌కి ఒక జబ్బుంది, నారింజ తొక్కలా చిన్న చిన్న గుంతలు తేలడం. పీచులు కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా ఉంటాయి కాబట్టి మెత్తటివి ముందు ఊడిపోతాయి. అరిగిపోయిన పేపర్‌తో గట్టిగా నొక్కి రుద్దితే ఇది ఇంకా పెరుగుతుంది. కొత్త పేపర్, తేలికపాటి చేయి, గంధం తీసినట్టు నిదానం. తొక్క తేలిపోయిందంటే 600కి వెనక్కి వెళ్ళడం తప్ప దారి లేదు.

ఆఖరున తోలు. చెక్క పొత్రానికి తోలు ముక్క అతికించి, క్రోమ్ ఆక్సైడ్‌ని నీళ్ళతో పల్చటి ముద్దలా కలిపి రాసి రుద్దండి. ఇక్కడ మాత్రం గట్టిగా నొక్కొచ్చు. తోలు ఇంచుమించు ఆరిపోతూ, రాయిని పట్టుకుని లాగుతున్నట్టు అనిపించే దశలో మెరుపు లేస్తుంది. క్రోమ్ ఆక్సైడ్ మరక పడితే బట్టకి వదలదు, మా అమ్మ పాత చీర ఒకటి ఇప్పటికీ పచ్చగానే ఉంది. గాజులా తళతళ రావాలని పట్టుబట్టకండి. నెఫ్రైట్ సహజమైన మెరుపు నూనె రాసినట్టు ఉంటుంది, నాకైతే అదే అందం.

పూర్తయ్యాక మెత్తటి బ్రష్, సబ్బు నీళ్ళతో రెండు మూడుసార్లు కడగండి, పీట లోపలి మూలల్లో పచ్చ పొడి దాక్కుంటుంది. మైనం, నూనె పూయక్కర్లేదు.

నా గిన్నెలో 65 మిల్లీలీటర్లు పడతాయి. అమ్మమ్మ చేతికిస్తే తిప్పి తిప్పి చూసి, గోటితో మీటి, ఖంగుమన్న చప్పుడు విని, ‘పొయ్యి మీద పెట్టొచ్చా?’ అంది. వద్దన్నా, వేడికి పగలొచ్చు, రాచ్చిప్పలా కాదిది. ‘మరి ఏడు నెలలు ఏం చేసినట్టు?’ అని, అందులో నాలుగు చెంచాల పాలు పోసి పెరుగు తోడేసింది.